తడి తగిలితే కూసే అలారం

ఆ ఉదయం నాన్న పథకం చిన్నది. ఎనిమిదింటికి మేనత్త దిగేలోపు కూతురు పిచ్చుక పక్కగుడ్డలు ఉతికి ఆరేయాలి. డాక్టరు ఇచ్చిన అలారాన్ని మాయం చేయాలి.

అగ్గిపెట్టంత యంత్రం, దానికో పొడుగాటి తీగ. ఆ తీగకు తడి తగిలితే చాలు, చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. ఎనిమిదేళ్ల పిచ్చుక నిద్రలో పక్క తడుపుతుందని అమ్మకూ నాన్నకూ తప్ప మూడోకంటికి తెలియదు. మేనత్తకు తెలిస్తే మైకులో చెప్పినట్టే.

"నాన్నా, బళ్లో తెలిస్తే నేనింక బడికెళ్లను," అంది పిచ్చుక, ఏడుపు దిగమింగుతూ.

"నా కంఠంలో ప్రాణం ఉండగా తెలీదు తల్లీ."

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. ఇరవై నిమిషాల ముందే! కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే నాన్న చుట్టూ వెతికాడు. దొరికిన సంచిలో అలారాన్ని కుక్కేశాడు. అది పిచ్చుక బడిసంచి. అందులో మూత సరిగా పడని నీళ్లసీసా కూడా ఉంది.

పదింటికి షాపుకి ఫోన్ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గొంతు గుసగుసలాడింది.

"మీ పాప సంచి కూస్తోందండీ! తీగలు కనిపిస్తున్నాయి. పోలీసుల్ని పిలిచాం."

కస్టమర్ ముక్కు మీది ఫ్రేము అలాగే వదిలేసి నాన్న పరుగెత్తాడు.

మైదానంలో నాలుగొందల మంది పిల్లలు బిక్కచచ్చి నిలబడ్డారు. ఖాళీ తరగతిలో కూత ఆగడం లేదు. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ చొక్కా చెమటతో తడిసిపోయింది. వరుస చివర పిచ్చుక, మొహంలో నెత్తురు చుక్క లేదు. చెప్పొద్దని కళ్లతోనే బతిమాలింది.

"ఏంటయ్యా అది? పేలుతుందా? నోరు విప్పు!" ఇన్‌స్పెక్టర్ గర్జించాడు.

"పేలదు సార్. అలారం. అది... నాది. డాక్టరిచ్చాడు."

"నీకెందుకు అలారం?"

నాన్న పిచ్చుక వైపు ఓసారి చూశాడు. "నిద్రలో... నేను పక్క తడుపుతాను సార్."

పిల్లల్ని బయటికి పంపడానికి హెడ్‌మిస్ట్రెస్ పట్టుకున్న మైకు ఆ పక్కనే ఉంది. దాన్ని ఎవరూ ఆపలేదు.

మైదానం గొల్లుమంది. పిచ్చుక ఒక్కతే నవ్వలేదు. పరుగెత్తుకొచ్చి నాన్న నడుం చుట్టేసింది. ఇన్‌స్పెక్టర్ లోపలికెళ్లి అలారం ఆపి తెచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఏ డాక్టరండీ?"

సాయంత్రంలోగా మరో ముగ్గురు పెద్దమనుషులు ఫోన్ చేసి డాక్టరు నంబరు అడిగారు. అందరూ స్నేహితుడి కోసమేనట.