నిశ్చల వీరులు

సైనిక శిక్షణ శిబిరంలో ఇకమీదట ధైర్యాన్ని మనుషులు అంచనా వేయరు. ఈ శుభవార్తను శిబిరాధిపతి స్వయంగా ప్రకటించారు. మనిషి కంటికి అభిమానం ఉంటుంది, పక్షపాతం ఉంటుంది, భోజనానంతరం నిద్ర కూడా ఉంటుంది. యంత్రానికి ఇవేవీ లేవు. కాబట్టి అందరి ఛాతీలకూ పట్టీలు బిగించారు. అవి గుండె వేగాన్ని, శ్వాసను, కదలికను గమనించి, మైదానం పక్కనున్న పెద్ద తెర మీద మార్కులు వేస్తాయి.

సూత్రం నిర్మలమైనది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే ధైర్యం, వేగంగా కొట్టుకుంటే భయం. కదలనివాడు శత్రువుకు కనపడడు. కదిలినవాడు మరణించినట్టే లెక్క. యుద్ధాన్ని ఇంత ప్రశాంతంగా నిర్వచించిన శాస్త్రం అంతకుముందు లేదు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. పరుగులో ముందుండేవారంతా పిరికివాళ్లని తేలిపోయింది. వంటశాల వెనుక కునుకు తీసే ఒకాయన మహావీరుడని రుజువైంది. తోటివారు ఆయనను ఆశ్రయించి, కళ్లు తెరిచి నిద్రపోయే విద్యను అభ్యసించారు. శిక్షకుడు మొదట్లో "లేవండ్రా!" అని గద్దించేవాడు. గద్దించినప్పుడల్లా ఆయన పట్టీ ఆయననే పిరికివాడిగా గుర్తించేది. దాంతో ఇప్పుడు కూర్చునే శిక్షణ ఇస్తున్నాడు.

ఒక్కడికి మాత్రం ఈ విద్య అబ్బలేదు. పొడుగరి కనుక అతన్ని నిచ్చెన అనేవారు. అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పాడు. ఈసారీ తప్పితే ఇంటికి పంపేస్తారు.

"ఒరేయ్ నిచ్చెనా, ఆ గుండెకి కాస్త చెప్పరా, మరీ అంత డప్పు కొట్టొద్దని," అనేవాడు పక్కమంచం మీది లావుపాటి మిత్రుడు. ఎక్కడ పడేస్తే అక్కడే ఉంటాడు కనుక అతని పేరు బస్తా.

"చెప్తే వినే రకం కాదురా అది. మా అక్క పోలిక."

ఆఖరి పరీక్ష చూడటానికి ఊరివారినీ బంధువులనూ పిలిచారు. మేమంతా మెట్ల వరుసల్లో నీడన కూర్చున్నాం. నిచ్చెనను పెంచి పెద్దచేసిన అక్క ముందు వరుసలో ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, శత్రువు కోసం పొంచి ఉన్నట్టు కదలకుండా పడుకోవడమే పరీక్ష. మొదటిసారిగా నిచ్చెన మార్కులు పెరగసాగాయి. అక్క ఊపిరి బిగబట్టి తెర చూస్తోంది.

అంతలో బస్తా తల పక్కకు వాలింది. టోపీ దొర్లిపోయింది. నోట నురగ కనిపించింది. అతని నాడి మందగించడాన్ని పట్టీ శ్రద్ధగా గమనించి, మార్కులు పెంచుతూ పోయింది. బస్తా ప్రథమస్థానానికి చేరుకున్నాడు. మేము చప్పట్లు కొట్టాం.

శిబిరాధిపతి మైకందుకున్నారు. "చూడండి! భగభగమండే ఎండకు సైతం చలించని ఈ స్థితప్రజ్ఞతను చూడండి! జాతి ఎదురుచూస్తున్న యువకుడు ఇతడే!"

అక్క లేచి నిలబడింది. "అయ్యా, ఆ అబ్బాయికి ఏదో అయింది! ఎవరైనా వెళ్లి చూడండయ్యా!"

"కూర్చోమ్మా, తెర కనపడట్లేదు," అన్నారు వెనుక వరుసవారు.

నిచ్చెన బస్తాను చూశాడు. తెరను చూశాడు. ఆ తర్వాత లేచి, బస్తాను భుజాన వేసుకుని వైద్యశాల వైపు పరుగెత్తాడు. మేము చూస్తుండగానే అతని మార్కులు సున్నాకు దిగాయి. 'పారిపోయినవాడు' అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

బస్తా బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని వైద్యుడు చెప్పాడు. అయితే వైద్యుడి అభిప్రాయం యంత్రం నుంచి వచ్చింది కాదు. విధి నిర్వహణలో ఉండగా తోటివాడి చేత అపహరణకు గురైన వీరుడిగా బస్తాకు పతకం ఇచ్చారు. తనను పంపేయవద్దన్న నిచ్చెన విన్నపాన్ని శిబిరపు పరీక్షా సంఘం సానుభూతితో ఆలకించింది. "మనసులో మేమంతా నీ పక్షమే బాబూ. కానీ మనసు సాక్ష్యం చెల్లదు," అని అధ్యక్షులు గద్గదస్వరంతో సెలవిచ్చారు.

వెళ్లిపోయే రోజున బస్తా గేటు దాకా వచ్చి, పతకం తీసి చేతిలో పెట్టబోయాడు. "ఇది నీదిరా."

"ఛీ, నాకెందుకు? పడుకున్నందుకిచ్చారు. నువ్వు నిజంగానే పడుకున్నావు," అని నవ్వి, నిచ్చెన అక్క చేతిలోని సంచి అందుకున్నాడు.

తర్వాత తెలిసింది: ప్రయోగార్థం మా ఆసనాల కింద కూడా ఆ యంత్రాలు అమర్చారట. కళ్లెదుట ఒకడు ప్రాణాలు వదులుతున్నా మా గుండెలు తొణకలేదని, మేమెవ్వరం కదలలేదని సంఘం హర్షం వెలిబుచ్చింది. అక్క ఒక్కతే తప్పింది. మిగిలినవారందరికీ ప్రశంసాపత్రాలు పంపారు. నాదానికి పటం కట్టించి ముందుగదిలో తగిలించాను. వచ్చినవారెవరూ అది ఎందుకిచ్చారని అడగలేదు. వాళ్ల ఇళ్లలోనూ ఉంది.