గంటకు పెట్టిన తెలుగు పేరు

ఆ ఉదయం అతను చేయవలసిన పని ఒక్కటే. భార్య పనిచేసే బడిలో రెండో పీరియడు గంట అరగంట ఆలస్యంగా మోగేట్టు మార్చాలి. తనిఖీ అధికారి ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాడు. ఆ పీరియడులో ఆయన ముందు ఆమె పాఠం చెప్పాలి. ఆయన మెచ్చితే ప్రధానోపాధ్యాయిని కుర్చీ ఆమెది. లేకపోతే ఆ కుర్చీ లెక్కల మాస్టారిది. ఆయన అప్పుడే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

బడి గంటను కంప్యూటరు మోగిస్తుంది. దాన్ని అక్కడ పెట్టింది అతనే. ఇంట్లో కూర్చుని దూరం నుంచే నడిపిస్తాడు.

"మర్చిపోరుగా?" అంది ఆమె చెప్పులేసుకుంటూ.

"రెండంకెలు మార్చడం. నువ్వు వీధి మలుపు తిరిగేలోపు అయిపోతుంది."

"మీ పనులన్నీ మలుపు దగ్గరే ఆగుతాయి."

ఆమె వెళ్ళాక అతను గంటల టైములు రాసి ఉన్న ఫైలు తెరిచాడు. కర్సరును నిమిషాల మీద నిలబెట్టి అంకె కొట్టి సేవ్ చేశాడు. కర్సరు నిమిషాల మీదే కనిపించింది. అంకె మాత్రం వెళ్ళి గంటల్లో పడింది.

కాసేపటికి ఫోను మోగింది.

"మార్చమంటే మోగించారేంటండీ?"

"నేను మోగించలేదే."

"మరి ఎవరు మోగించారు? ఏడో తరగతి వచ్చి ఆరో తరగతిలో కూర్చుంది."

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. అర్థంకాని టైము కనిపిస్తే ఆ యంత్రం ఊరుకోదు, వెంటనే మోగుతుంది. అసలు మోగకపోవడం కన్నా అదే నయమని అలా రాసింది కూడా తనే.

కంగారుగా తప్పంకె చెరపబోయాడు. దాని పక్కది పోయింది. మళ్ళీ మోగింది.

"పిల్లలు ఆటలకి పోయారు. ఇంక దాన్ని ముట్టుకోకండి," అని ఆమె ఫోను పెట్టేసింది.

ముట్టుకోకపోతే బాగయ్యేదెలా? ఆఫీసులో తోటి ఉద్యోగికి ఫోను చేశాడు. ఏ సంగతైనా తాపీగా నమిలి చెప్పే ఆ మనిషిని అందరూ నత్త అంటారు.

"ఒరేయ్ నత్తా, కర్సరు ఒకచోట కనిపిస్తోంది, అక్షరం ఇంకోచోట పడుతోందిరా."

"ఫైలు తెరిచి దిద్దే ఎడిటరు మార్చి చూశావా?"

"చూశాను. అందులోనూ ఇదే దయ్యం."

"ఊఁ," అన్నాడు నత్త. ఆ ఊఁకి కొనసాగింపు రావడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ఇతను ఆగలేక పాడైన లైను కొట్టేయబోయాడు. దాని కింది లైను తెగింది. అది బడి వదిలే పొడుగు గంట, టైము తెగగానే అదీ మోగింది.

"ఆ లైన్లో తెలుగేమైనా ఉందా?" అన్నాడు నత్త.

"గంట పేరుంది. తెలుగులో ఉంటేనే అందరూ చదువుతారని మా ఆవిడ పెట్టించింది."

"అదీ సంగతి. తెలుగక్షరం ఎంత చోటు తీసుకుంటుందో బడి కంప్యూటరుది ఒక లెక్క, నీ తెరది ఇంకో లెక్క. ఒత్తు వచ్చిన చోటల్లా కర్సరు పక్కకి జరుగుతుంది. టైము ముందు రాసి, పేరు దాని వెనక పెట్టు."

అలాగే చేశాడు. కర్సరు బుద్ధిగా చెప్పిన చోట నిలబడింది. ఈసారి భార్య ఫోను చేయలేదు. అందుకే అతనికి చెమటలు పట్టాయి.

సాయంత్రం ఆమె వచ్చింది. చెప్పులు విప్పింది. మంచినీళ్ళు తాగింది.

"అధికారి వచ్చేసరికి బడి మొత్తం గేటు బయటుంది. లెక్కల మాస్టారు పిల్లల వెంట రోడ్డున పడ్డాడు. కొత్త చొక్కా జేబు చిరిగింది."

"మరి నీ పాఠం?"

"చెప్పాను. నా క్లాసులో ఒక్క పిల్ల కూడా లేవలేదు. ఇంత గోలలో ఎలా కూర్చోబెట్టారమ్మా అని ఆయన ముక్కున వేలేసుకున్నాడు. క్రమశిక్షణండీ అన్నాను. కుర్చీ నాకే అని చెప్పి వెళ్ళాడు."

"నిజంగా ఎలా కూర్చున్నారు?"

"మీరు ఆ గంట పెట్టిన రోజే చెప్పాను వాళ్ళకి. అది మా ఆయన పెట్టిన గంట, నేను లెమ్మంటేనే లేవండి అని."

మర్నాటి నుంచి గంట ఒక్క నిమిషం కూడా తప్పకుండా మోగుతోంది. ఆ తరగతి మాత్రం ఇప్పటికీ లేవదు.