నూట డెబ్బై ఒక్క మార్కులు, నాలుగు టేకు కుర్చీలు

ఆ బుధవారం పొద్దున్న గంగరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ట్రస్టు తరఫున ఒక పరిశీలకుడు ఇంటికొస్తాడు. ఇల్లు ఉన్నది ఉన్నట్టు చూపించాలి. ఒక కొబ్బరి బొండాం కొట్టి ఇవ్వాలి. పన్నెండింటి బస్సుకి సాగనంపాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. చెడిపోయింది కాబట్టే ఇప్పుడు చెప్పుకుంటున్నాం.

గంగరాజు అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో కాయలు ఒలుస్తాడు. తల్లి అచ్చాయమ్మ, భార్య కనకమహాలక్ష్మి, కూతురు వీరదుర్గ, తను, వెరసి నలుగురూ ఒక రేకుల గదిలో ఉంటారు. పదో తరగతి పిల్లలకి ఆ ట్రస్టు రాష్ట్రమంతటా పెట్టిన ప్రతిభా పరీక్షలో దుర్గకి రెండొందలకి నూట డెబ్బై ఒకటి వచ్చాయి. కటాఫ్ నూట యాభై రెండు. స్కాలర్‌షిప్ వస్తే రాజమండ్రిలో ఇంటర్ రెండేళ్ళూ ఫీజు, హాస్టలు వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే ఎంపీసీ, ఇంజనీరింగు లాంటి మాటలు మరిచిపోయి తల్లితోపాటు కొట్లో ఎండుకొబ్బరి కురిడీలు ఏరాలి.

మార్కుల పని దుర్గ పూర్తిచేసింది. ఇక మిగిలింది ఇంటి తనిఖీ ఒక్కటే. నిజంగా లేనివాళ్ళేనా అని ఒక మనిషి వచ్చి చూసి రాసుకుంటాడు. అంటే బీదవాళ్ళలా కనిపిస్తే చాలు. అందుకోసం వాళ్ళు కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేదు.

"నాన్నా, ఏమీ సర్దకు. అడిగినదానికి ఉన్నమాట చెప్పు, అంతే" అంది దుర్గ.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు గంగరాజు.

మా కోనసీమ సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా వైపు 'లేదు' అన్న మాట నోటికి రాదు. అది పుట్టుకతో వచ్చిన లోపం. పొరుగింటావిడ పంచదార అడిగితే, డబ్బా ఖాళీగా ఉన్నా సరే, "కూర్చోండి, తెస్తున్నాను" అని ఆవిడని వరండాలో కూర్చోబెట్టి దొడ్డిదారిన కొట్టుకి పరుగెడతాం. కుశలం అడిగితే, ఇల్లు తగలబడుతున్నా "మీ దయ వల్ల బాగున్నామండీ" అని, ఆ తరవాతే నీళ్ళు తెమ్మంటాం.

తొమ్మిదింటికి అచ్చాయమ్మ మొదలుపెట్టింది.

"ఒరే గంగరాజూ, ఆ వచ్చే పెద్దమనిషిని ఎక్కడ కూర్చోబెడతావురా?"

ఇంట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దానికి మూడు కాళ్ళే పనిచేస్తాయి.

"చాప వేద్దాం నాన్నమ్మా. అసలు తనిఖీ అందుకే కదా" అంది దుర్గ.

"చాపా? ఇంటికొచ్చిన మనిషిని నేలమీద కూలేస్తారా? మీ తాతగారుంటే తల తీసేసుకునేవోరు" అంది అచ్చాయమ్మ. చాప మీదే పుట్టి, చాప మీదే పోయిన మనిషి ఆ తాతగారు. కానీ ఆ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. గంగరాజు ఒక్క కుర్చీ కోసం ఎదురుగా ఉన్న డాబా ఇంటికి వెళ్ళాడు.

డాబా ఇంటి రాజేశ్వరమ్మ గారికి పదెకరాల కొబ్బరి తోట ఉంది. దానికి తగ్గ చెయ్యీ ఉంది. "ఒక్క కుర్చీ ఏంటి గంగరాజూ? ఆయన కూర్చుంటే మీరు నిలబడతారా? చూసేవాళ్ళకి బాగుంటుందా?" అని నాలుగు టేకు కుర్చీలు, ఒక బల్ల పంపించింది. బల్ల మీదకి వెండి గ్లాసు పంపించింది. తరవాత తనే స్వయంగా వచ్చి కనకమహాలక్ష్మి చేతులు చూసి, "అయ్యో, బోసిగా ఉన్నాయే" అని తన చేతి గాజులు నాలుగు తీసి తొడిగింది. కనకమహాలక్ష్మి వద్దని మూడుసార్లు అంది. నాలుగోసారి అంటే అవతలి మనిషిని అవమానించినట్టు, అందుకని ఊరుకుంది.

ఈ హడావిడి చూసి రొయ్యల చెరువుల నాగసతీష్ వచ్చాడు. "బాబాయ్, జూన్ ఎండ. రేకుల కింద ఆయన ఉడికిపోతారు" అంటూ వాళ్ళ ఇంట్లోంచి మనిషెత్తు కూలర్ దొర్లించుకొచ్చాడు. గంగరాజు మీదకి ఒక ఇస్త్రీ చొక్కా కూడా తెచ్చాడు. కాఫీ కప్పులు పక్కనే ఉన్న మా ఇంటివి. బంగారు అంచు ఉన్నవి. మా ఆవిడ పంపిస్తుంటే నేను అడ్డు చెప్పలేదు సరికదా, సాసర్లు కూడా పట్టుకెళ్ళమన్నాను.

దుర్గ గుమ్మంలో నిలబడి అందరికీ నచ్చజెప్పబోయింది. "ఇవన్నీ చూస్తే ఇవ్వరు నాన్నమ్మా. నా స్కాలర్‌షిప్ పోతుంది."

"మర్యాద చేస్తే ఎవరైనా పోగొడతారే? నీకు లోకం తెలీదు" అంది అచ్చాయమ్మ. దుర్గకి ఏడుపొచ్చింది. ఎనిమిది నెలలపాటు కొట్టు అరుగు మీద, కాయలు ఒలిచే చప్పుడులో పాత పేపర్లు చేసింది ఆ పిల్ల. లెక్కలన్నీ వచ్చాయి. ఈ లెక్క ఒక్కటీ ఆమె చేతిలో లేదు.

పదకొండింటికి పరిశీలకుడు ప్రకాశరావు ఆటో దిగాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పద్ధతైన మనిషి. రేకుల ఇల్లు బయటినుంచి చూసి, సంచిలోంచి ఫారం తీసి, 'కప్పు: రేకులు' అని రాసుకుంటూ లోపల అడుగుపెట్టాడు. కూలర్ గాలికి ఫారం ఎగిరిపోయింది. నాగసతీష్ దాన్ని పట్టుకొచ్చి, తలవంచి, రెండు చేతులతో అందించాడు.

ప్రకాశరావు టేకు కుర్చీలో కూర్చున్నాడు. వెండి గ్లాసులో నీళ్ళొచ్చాయి. గ్లాసుని ఒకసారి తిప్పి చూసుకుని కలం తీశాడు.

"పొలం ఏమైనా ఉందా?"

గంగరాజుకి సెంటు కూడా లేదు. నోరు తెరిచాడు. ఎదురుగా పెద్దమనిషి, పక్కన రాజేశ్వరమ్మ గారు. "ఏదో, మీ దయ వల్లండీ" అన్నాడు.

"ఎన్నెకరాలు?"

"దానికేముందిలెండి, ఆయ్."

ప్రకాశరావు ఏదో రాసుకున్నాడు. "ఇంటి ఖర్చులకి ఇబ్బందిగా ఉంటుందా?"

"అబ్బే, మీలాంటోరి ఆశీర్వాదం. ఏ లోటూ లేదండీ."

ఇంకొకటి రాసుకున్నాడు. దుర్గ ఇక ఆగలేకపోయింది. "సార్, ఈ కుర్చీలు, కూలరు, గ్లాసు, ఏవీ మావి కాదండీ. అమ్మ చేతి గాజులు కూడా మావి కాదు."

ఆ కుర్చీలు నావి అని చెబితే గంగరాజు కుటుంబానికి చిన్నతనమని రాజేశ్వరమ్మ గారు రేకుల వైపు చూసింది. కూలర్ నాదంటే బాబాయి పరువు పోతుందని నాగసతీష్ దాని గుండ్రటి మీట తిప్పుతూ నిలబడ్డాడు. అచ్చాయమ్మ బోసినోటితో నవ్వేసింది. "చిన్నపిల్ల బాబుగారండీ, వేళాకోళం ఆడుతుంది. మీరు కాఫీ పుచ్చుకోండి."

ప్రకాశరావు కళ్ళజోడు పైనుంచి దుర్గని చూశాడు. "అమ్మా, నూట డెబ్బై ఒకటి తెచ్చుకున్న పిల్లవి. స్కాలర్‌షిప్ కోసం అబద్ధం ఆడొచ్చా?" అని మెల్లిగా మందలించి, ఫారం కింద ఎర్ర సిరాతో ఒక గీత గీశాడు. 'అర్హత లేదు' అన్న గడి పక్కన టిక్కు పడడం దుర్గ కళ్ళారా చూసింది. వెనకవైపుకి వెళ్ళి కొబ్బరి పీచు కుప్ప మీద కూలబడింది. అంతకంటే వెళ్ళడానికి ఆ ఇంట్లో వేరే గది లేదు.

ఫారం మూసి ప్రకాశరావు లేచాడు. లేవడమైతే లేచాడు గాని, మా ఊళ్ళో భోజనాల వేళకి లేచిన మనిషి బయటపడ్డం ఇంతవరకూ జరగలేదు.

"అదేటండీ, ముద్ద తినకుండా వెళ్ళిపోతారా? మేం ఏం తప్పు చేసేం?" అంది అచ్చాయమ్మ.

"నాకు పన్నెండింటి బస్సు..."

"దాని వెనకే ఇంకోటుందండీ."

రాజేశ్వరమ్మ గారింట్లోంచి పనసపొట్టు కూర వచ్చింది. నాగసతీష్ రొయ్యల వేపుడు తెప్పించాడు. కనకమహాలక్ష్మి పొద్దున్నే చేమదుంపల పులుసు పెట్టింది. ప్రకాశరావు చాలన్నప్పుడల్లా ఒక ముద్ద వడ్డించారు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వడ్డించారు. ఆఖర్న పూతరేకులు వచ్చాయి. తనకి షుగర్ ఉందని చెప్పాడాయన. "ఇది కాగితమేనండీ, ఆయ్, ఏమీ చెయ్యదు" అని రెండు పెట్టారు.

ఒంటిగంటన్నరకి ప్రకాశరావు నిలబడలేకపోయాడు. "ఒక్క అయిదు నిమిషాలు నడుం వాలుస్తాను" అన్నాడు. అనడమే ఆలస్యం, రాజేశ్వరమ్మ గారు పట్టెమంచం పంపించింది. నలుగురు మోస్తే గాని కదలని మంచం. కూలర్ని దాని వైపు తిప్పారు. రెండో నిమిషంలో ఆయన గుర్రు పెట్టాడు.

రెండున్నరకి డాబా ఇంటి ముందు కారు ఆగింది. చెప్పాపెట్టకుండా రాజేశ్వరమ్మ గారి వియ్యంకుడు దిగాడు. ఇంట్లో కుర్చీల్లేవు, వెండి గ్లాసు లేదు, చేతికి గాజులు లేవు, పడుకోబెట్టడానికి మంచం లేదు. ఆవిడ అడగలేదు. అడగడం మా ఇంటావంటా లేదు. గంగరాజు ఇంటి ముందుకొచ్చి, "ఏం గంగరాజూ, ఎండ బాగా ఉంది కదూ" అని నిలబడింది.

గంగరాజుకి అర్థమైంది. కుర్చీలు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా వెళ్ళాయి. బల్ల వెళ్ళింది. వెండి గ్లాసు వెళ్ళింది. వియ్యంకుడికి గాలాడాలి కాబట్టి నాగసతీష్ కూలర్ కూడా అటే దొర్లింది. వియ్యంకుడితో మాట్లాడ్డానికి తనని కూడా రమ్మన్నారని నాగసతీష్ మొహమాటంగా గంగరాజు ఒంటి మీది చొక్కా కాలరు వైపు చూస్తే, అతను విప్పి ఇచ్చేశాడు. మా కప్పులు కూడా డాబా ఇంటికే వెళ్ళాయి. వద్దని నేననలేదు.

ఇక మంచం మిగిలింది. దాని కోసం నలుగురు మనుషులొచ్చారు. లేపబోతే గంగరాజు వారించాడు. "పడుకున్న అతిథిని లేపుతారేటండీ?"

"ఆయ్, లేపం లెండి. కూర్చుంటాం" అని ఆ నలుగురూ మంచం నాలుగు కోళ్ళ దగ్గర, భుజాన తువ్వాళ్ళు వేసుకుని, చేతులు కట్టుకుని గొంతుక్కూర్చున్నారు.

కూలర్ పోయిన పావుగంటకి ప్రకాశరావు చెమటతో తడిసి కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఖాళీ గోడ. పైన రేకులు. నాలుగు మూలలా నలుగురు. ఎవరూ మాట్లాడడం లేదు. ఎక్కడో ఒక ముసలావిడ ముక్కు చీదుతోంది.

"నేను... పోయానా?" అన్నాడు.

"అబ్బే, లేదండీ. మంచానికొచ్చేం. మీరు పడుకోండి, మాకు తొందరేం లేదు" అన్నాడు కాళ్ళవైపు మనిషి.

ప్రకాశరావు ఒక్క దూకు దూకి నేలమీద నిలబడ్డాడు. "మీరు చాలాసేపట్నుంచి ఇలా కూర్చున్నారా? ఏమీ అనలేదేం?" అన్నాడు. అలా అడగ్గానే ఆ నలుగురూ నవ్వి, మంచం ఎత్తుకుని, ఆయనకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. గదిలో ఒక చాప, ఒక పెట్టె, మూడు కాళ్ళ కుర్చీ మిగిలాయి. గుమ్మంలో గంగరాజు బనీనుతో నిలబడి ఉన్నాడు. కనకమహాలక్ష్మి సబ్బునీళ్ళతో గాజులు ఊడదీస్తోంది.

ప్రకాశరావు చాలాసేపు గదంతా చూశాడు. తరవాత దుర్గని పిలిచాడు.

"నువ్వు చెప్పింది నిజమేనా?"

ఏడ్చి ఏడ్చి దుర్గ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నూట డెబ్బై ఒకటి తెచ్చుకున్నానండీ. కుర్చీలు ఎవరివో నాకు తెలీదా?"

ఆయన చాప మీద కూర్చుని ఫారం తీశాడు. ఎర్ర గీత కొట్టేశాడు. "గంగరాజుగారూ, మళ్ళీ అడుగుతున్నాను. పొలం ఉందా?"

గంగరాజు గొంతు సవరించుకున్నాడు. "ఏదో, మీ దయ వల్ల..."

"ఏవండీ, మీరు కాసేపు బయట నిలబడండి" అంది కనకమహాలక్ష్మి. పెళ్ళయ్యాక ఆవిడ అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదలు. "లేదండీ. పొలం లేదు. ఆయన కాయలొలిస్తే కూలి, నేను కురిడీలేరితే కూలి. ఒంట్లో బాగోకపోతే అదీ లేదు. పిల్లని చదివించడం మావల్ల కాదండీ."

మూడు 'లేదు'లు వరసగా వినేసరికి అచ్చాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. దుర్గ తల్లి పక్కకొచ్చి నిలబడి, సబ్బు చేతిని గట్టిగా పట్టుకుంది. ప్రకాశరావు 'అర్హత ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టి, తడి ఆరేదాకా ఊదాడు.

వెళ్ళేటప్పుడు గంగరాజు ఒక బొండాం చేతిలో పెట్టాడు. ప్రకాశరావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎవరిది?"

"మాదేనండీ. కొట్లో కూలితోపాటు ఇచ్చేరు."

దుర్గ వైపు చూశాడాయన. దుర్గ తలూపింది. అప్పుడు గాని తాగలేదు.

జూలైలో దుర్గ రాజమండ్రిలో చేరింది. రెండో ఏడాది రెన్యువల్‌కి ఇంటికి వెళ్ళక్కర్లేదు, ఫోన్లో విచారిస్తే చాలని ట్రస్టు నిబంధన. కానీ ఈ ఒక్క కేసులో మాత్రం ప్రకాశరావు ఫారం అడుగున ఇలా రాశాడు: 'ఫోన్లో వీళ్ళు నిజం చెప్పరు. నేనే స్వయంగా వెళ్ళాలి, భోజనాల వేళకి.'