రన్‌వే మీద రాగులు

అక్షరాల తప్పులుంటే మన్నించాలి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట పలక పట్టాను. ఈ నాలుగు మాటలు రాయడానికే పది రోజులు పట్టింది. మా విమానాశ్రయం మాట్లాడటం నేర్చుకోవడానికి మాత్రం ఒక్క పూట చాలింది.

2009లో మంత్రిగారు మా తమిళ జిల్లా ధర్మపురిలో మైకు పట్టుకుని ప్రకటించారు: "విమానాలు ఎవరైనా తెస్తారు. మేం ముందుగా విమానాశ్రయానికి గొంతు తెస్తున్నాం!" ఆ వారమే మహేంద్రమంగళం పక్కన బస్సు రోడ్డు మూసి, అర కిలోమీటరు రన్‌వే వేసి, ఒక రేకుల గది కట్టారు. అందులో ఒక కంప్యూటరునూ, నారాయణసామి అనే ప్రజావాణి అధికారినీ కూర్చోబెట్టారు. ఆయన ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచారు. విమానం లేని లోటు ఆ పేజీలో ఎక్కడా కనబడదు. అంత సమర్థుడు.

ఆ ఊరి అక్కమ్మకు మాత్రం ఒక చిన్న చిక్కు వచ్చింది. కోసిన రాగి కంకుల్ని ఏటా ఆమె బస్సు రోడ్డు మీద పరిచేది. చక్రాలు తొక్కితే గింజ రాలేది. ఇప్పుడు రోడ్డూ లేదు, బస్సూ లేదు. పైన మబ్బులు మాత్రం ఉన్నాయి. తడిస్తే ఏడాది తిండి మొలకెత్తిపోతుంది.

చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మనవరాలు మోనిషా పేజీ చూసి వచ్చి చెప్పింది. "అవ్వా, పదో తేదీ పదకొండు గంటలకు ఫస్ట్ ఫ్లైట్ అంట."

"దానికి చక్రాలుంటాయా?"

"లేకుంటే ఎట్ల దిగుతాది?"

"బస్సంత బరువుంటాదా?"

"నాలుగు బస్సులంత ఉంటాది."

అక్కమ్మ కంకులన్నీ తీసుకెళ్ళి రన్‌వే మీద పరిచేసింది.

నారాయణసామి పరుగున వచ్చారు. తిట్టడానికి కాదు, ఫోటో తీయడానికి. "ప్రయాణికులకు బంగారు తివాచీ" అని పేజీలో పెడితే తొమ్మిది వందల లైకులు వచ్చాయి. పదో తేదీ వచ్చింది, విమానం రాలేదు. "మీ అపార ఆదరణ వల్ల మొదటి విమానం ఇరవయ్యో తేదీకి వాయిదా" అని పెడితే రెండు వేలు వచ్చాయి.

అక్కమ్మ రేకుల గది వాకిట్లో నిలబడింది. "సామీ, మబ్బు కమ్ముకొస్తా ఉండాది. విమానం వస్తాదా, రాదా?"

"నోటితో చెప్పే అధికారం నాకు లేదమ్మా. పేజీలో అడుగు."

మోనిషా అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని కాలేజీ కంప్యూటరులో అడిగింది. జవాబు వెంటనే వచ్చింది: "మీ ప్రేమకు కృతజ్ఞతలు! కిటికీ పక్క సీటు కావాలా?"

"సీటెందుకే, చక్రం చాలని రాయి" అంది అక్కమ్మ.

రాసింది. నారాయణసామి దానికి లైకు కొట్టారు.

ఇరవయ్యో తేదీన విమానానికి బదులు అవార్డు వచ్చింది. ఆలస్యం మీద ఒక్క ప్రయాణికుడూ ఫిర్యాదు చేయని విమానాశ్రయమట! అవార్డు ఇవ్వడానికి మంత్రిగారు ముప్పై రెండు కార్లతో వచ్చి, తివాచీ చూసి కరిగిపోయారు.

"నాకోసం ఇంత మర్యాదా! దాని మీదే పోనీండయ్యా!"

కార్లు దాని మీదే పోయాయి. రన్‌వే అర కిలోమీటరుకే అయిపోయింది కాబట్టి మళ్ళీ అదే దారిన తిరిగి వచ్చాయి.

అటు నారాయణసామికి శాలువా కప్పుతుంటే, ఇటు అక్కమ్మ చేటతో గింజలెత్తుకుంది. ఏడు మూటలు. ఆఖరి మూట ఇల్లు చేరాక వాన మొదలైంది.

మర్నాడు ఆమె రేకుల గదికి వెళ్ళి దణ్ణం పెట్టింది.

"ఏమ్మా, మళ్ళీ విమానం సంగతేనా?"

"దాని మాట ఎవురికి కావాల సామీ! ఇంకో అవార్డు ఎప్పుడొస్తాది? ఉలవలు మిగిలిపోయినాయి."

— తాయమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ప్రస్తుతం హరూర్‌లో చిన్న కూతురి దగ్గర ఉంటోంది.