తండ్రి ఉండగా తీసిన మీసం

బుధవారం ఉదయానికి పోలరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదింటికి లేచి మీసం తీసేయాలి. ఎనిమిదింటికి ప్లాంటు గేటు దాటాలి. పదింటికి మాస్కు పరీక్ష ప్యాసవ్వాలి. మీసం తీసిన సంగతి తండ్రి చెవిన పడకుండా చూసుకోవాలి. తండ్రి కూర్మారావు జంషెడ్‌పూర్‌కి ఆ చివర బాగ్‌బేరాలో చిన్న కొడుకు దగ్గర ఉంటాడు. ఈ చివర మాంగో పేటలో ఉన్న పోలరాజు ఇంటికి ఆదివారాలు మాత్రమే వస్తాడు. ఆదివారం నాడు జలుబని చెప్పి మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోతుంది. ఆ పై ఆదివారం సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

పంతొమ్మిదేళ్ళుగా పోలరాజు కాంట్రాక్టు కూలీగా తుక్కు యార్డులో ఎండకీ వానకీ నిలబడి పనిచేస్తున్నాడు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. గ్యాస్ సేఫ్టీ జట్టులో సూపర్‌వైజర్ పని ఖాళీ అయింది, అతని పేరు జాబితాలో ఉంది. అడ్డల్లా మాస్కు పరీక్షే. గ్యాస్ మాస్కు తొడిగి, తల మీద ఒక సంచీలాంటిది దించి, అందులోకి చేదు మందు చిమ్ముతారు. నాలుకకి చేదు తెలిసిందా, మాస్కులోంచి గాలి దూరుతున్నట్టే లెక్క. పోలరాజుకి రెండుసార్లూ చేదు తెలిసింది. రెండుసార్లూ మీసమే కారణమని తేల్చారు. పరీక్ష చేసే ఆయన ఆరు నెలలకోసారి కలకత్తా నుంచి వస్తాడు, వచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి సామాను సర్దుకుని రైలెక్కేస్తాడు. ఈసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తామని ముందే చెప్పేశారు.

మీసం తీస్తానని పోలరాజు తండ్రి దగ్గర ఒకసారి మాటవరసకి అని చూశాడు. కూర్మారావు చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

"తండ్రి బతికుండగా మీసం తీత్తావేట్రా? నాను పోయాక తియ్యి. అందాకా దాని జోలికెల్లకు."

ముసలాయన మాటలో న్యాయం లేకపోలేదు. పోలరాజుకి నలభై ఏళ్ళకే తల నున్నగా అయిపోయింది. మెడ పైన అతనికి మిగిలిన వెంట్రుకలన్నీ ఆ మీసంలోనే ఉన్నాయి. దాన్ని జన్మలో ఒక్కసారే తీశాడు, పదకొండేళ్ళ కిందట తల్లి పోయినప్పుడు. కాబట్టి పోలరాజు మీసం లేకుండా కనిపిస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఎవరైనా ఊహించగలరు. పోలరాజు ఒక్కడే ఊహించలేదు. అతని బుర్రంతా చేదు మందు మీదే ఉంది.

గడ్డం గీసుకుంటే అతని చర్మం మండి, ఎర్రగా పొక్కులు లేస్తాయి. పొక్కుల మీద మాస్కు బిగిస్తే కుదురుగా ఉండలేడు. అందుకని సాక్చీలో బ్యూటీ పార్లర్ పని నేర్చుకుంటున్న కూతురు పద్మశ్రీ మంగళవారం నాడే ఒక క్రీము డబ్బా, చిన్న సీరం సీసా తెచ్చింది. సీసా మీద హైలురోనిక్ యాసిడ్ అని ఉంది. పోలరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్లాంటులో ఆ మాట రాసున్న డ్రమ్ముని చేతి తొడుగుల్లేకుండా ఎవడూ ముట్టుకోడు.

"యాసిడ్ మొకానికి రాసుకోమంతన్నావేటే!"

"డరో మత్, భయపడకు నాన్నా, ఇది ఆ యాసిడ్ కాదు. చర్మంలో నీళ్ళు పట్టి ఉంచుతుంది, అంతే. గడ్డం గీసుకున్నాక చల్లనీళ్ళతో కడుక్కో. మొకం తడిగా ఉండగానే రెండు చుక్కలు రాయి. తడి ముఖ్యం, సమ్‌ఝే, తెలిసిందా? ఆ వెంటనే పైన ఈ క్రీము రాసుకో, లేకపోతే ఆరిపోయి లాగేస్తుంది."

తడి ముఖ్యం అన్నంతవరకూ పోలరాజు శ్రద్ధగా విన్నాడు. క్రీము దగ్గరికి వచ్చేసరికి అది ఆడవాళ్ళ వ్యవహారమని తీర్మానించుకున్నాడు. బుధవారం ఉదయం రెండు చుక్కలకి బదులు సీసాలో సగం ఒంపి, నుదుటి నుంచి మెడ దాకా పట్టించాడు. మంట లేదు, పొక్కు లేదు. బుగ్గ మీద వేలు పెడితే జారిపోయింది. మెడకి మఫ్లరు చుట్టుకుని హుషారుగా బయల్దేరాడు.

జనవరి చలిగాలి తన పని తాను చేసింది. సువర్ణరేఖ వంతెన దాటేలోపల సీరం ఆరిపోయి, గంజి పెట్టిన గుడ్డలా ముఖం బిగుసుకుపోయింది. పెదవులు కదిపితే చెవుల దాకా లాగుతోంది. పోలరాజుకి తడి ముఖ్యమన్న మాట గుర్తొచ్చింది. జేబురుమాలు నీళ్ళసీసాలో ముంచి కళ్ళ కిందా బుగ్గల మీదా అద్దుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. నాలుగు నిమిషాల్లో మళ్ళీ ఆరింది, మళ్ళీ అద్దుకున్నాడు.

బస్సులో ఎదురు సీట్లో తుక్కు యార్డులో తోటి పనివాడు నాగేంద్రబాబు ఉన్నాడు. అతను చూసిందిదీ: నిన్న డ్యూటీకి రాని మనిషి ఇవాళ మీసం లేకుండా, మాట లేకుండా, తడి రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ కూర్చున్నాడు. నిన్న పోలరాజుకి వారంలో ఒక్కనాడు వచ్చే సెలవన్న సంగతి ఆ క్షణంలో ఎవరికి గుర్తొస్తుంది? నాగేంద్రబాబు లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బావా… అంతా అయిపోనాదా?"

మీసం సంగతే అడుగుతున్నాడనుకున్నాడు పోలరాజు. "ఆఁ, అయిపోనాది."

"మాకొక్క ముక్క సెప్పలేదేటి?"

"సెప్పడానికేటుంది? రెండు నిమిషాల పని."

"బాధేటైనా…?"

"అస్సలు తెలీనేదు."

"అదే పున్నెం," అన్నాడు నాగేంద్రబాబు. ఒక మీసానికి ఇంత పెద్ద మాట అక్కర్లేదనిపించింది పోలరాజుకి. కాని వాదించాలంటే ముఖం లాగుతుంది. రుమాలు మళ్ళీ తడుపుకున్నాడు.

"ఇవాలే డ్యూటీకి రాకపోతే ఏటి బావా?"

"పరీచ్చ ఇవాలే గదా. పోయిందాని కోసం ఇంట్లో కూకుంటానేటి?"

అంత గుండె నిబ్బరం నాగేంద్రబాబు ఎక్కడా చూడలేదు. మంచి మనసున్నవాడు. చేతిలో ఫోను కూడా ఉంది. బస్సు గేటు దగ్గరికి చేరేలోపల జట్టువాళ్ళందరికీ సందేశం పంపాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కూర్మారావు పెద్ద దినం ఎప్పుడో కనుక్కుందామని బాగ్‌బేరా ఇంటికి కూడా ఫోను కలిపాడు. అటునుంచి ఎవరో పెద్దాయన ఎత్తాడు. రెండు మాటలయ్యాక నాగేంద్రబాబు ముఖం పాలిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గేటు పక్కన రోజూ షిఫ్టుకి ముందు సేఫ్టీ మీటింగు జరుగుతుంది. ఆ రోజు ఇంజనీరు జాగ్రత్తలు చెప్పడానికి ముందు రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. ఇరవైమంది హెల్మెట్లు తీశారు. పోలరాజు కూడా తీసి, తల వంచుకుని భక్తిగా నిలబడ్డాడు. మధ్యలో ముఖం ఆరితే రుమాలు అద్దుకున్నాడు. అది చూసి ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. మౌనం అయ్యాక పోలరాజు పక్కకి వంగాడు.

"ఎవులు పోనార్రా పాపం?"

నాగేంద్రబాబు అతన్ని గట్టిగా కావలించుకున్నాడు.

సంగతి చెప్పింది టైమాఫీసులో కూర్చునే సునీల్. జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. తెలుగులో అడిగితే సగం హిందీలో చెప్తాడు. "అంకుల్, ఘర్ జాయియే, ఇంటికెళ్ళిపోండి. మీ నాన్నగారు పోయారని సాబ్ పన్నెండు రోజుల ఛుట్టీ ఇచ్చేశారు."

"మా నాన పోడమేటి? సుబ్బరంగా ఉన్నాడు!" అని అరిచాడు పోలరాజు. ముఖం లాగినా లెక్కచెయ్యలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దవాడొకడు తల పంకించాడు. "షాక్ తగిలింది. మా మావయ్య పోయినప్పుడు మా బావమరిదీ ఇలాగే అన్నాడు." ఎవరో టీ తెప్పించారు. ఎవరో వీపు నిమిరారు. మీసం ఎందుకు తీశాడో పోలరాజు చెప్పబోతే, పాపం ఇంకా పరీక్ష ధ్యాసలోనే ఉన్నాడన్నారు. కాదని అతను ఎంత గట్టిగా అంటే షాకు అంత పెద్దదని తేలింది.

పోలరాజు సునీల్ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. "ఒరే బాబూ, ఆ సెలవు కొట్టెయ్యి."

"సిస్టమ్‌లో ఎక్కిపోయింది అంకుల్. గేట్ పాస్ బ్లాక్ హో గయా. కారణం దగ్గర తండ్రి మరణం అని పడింది. అది తప్పని తియ్యాలంటే ఆయనే రావాలి, ఆధార్ కార్డుతో."

"ఎవులు?"

"మీ నాన్నగారు."

గోడ మీద గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. పోలరాజు గేటు బయట కాలవగట్టు మీద చతికిలబడ్డాడు. ఇంటికెళ్ళిపోతే పన్నెండు రోజులు జీతంతో సెలవు. ఆపాటికి మూతి మీద ఏదో ఒకటి మొలుస్తుంది, తండ్రికి ఏమీ తెలియదు. తుక్కు యార్డు మాత్రం జన్మంతా ఖాయం. పరీక్ష కావాలంటే ఎవరి నుంచి ముఖం దాచాలనుకున్నాడో ఆ మనిషినే పిలిచి ముఖం చూపించాలి. తండ్రిని బాధపెట్టడం పోలరాజుకి చిన్నప్పటి నుంచీ చేతకాదు. కోపం వస్తే ఆయన తిట్టడు, మాట్లాడ్డం మానేస్తాడు, అదే భయం. మోకాళ్ళు రెండూ ఒకసారి నొక్కి చూసుకుని ఫోను చేశాడు.

"పోలరాజా!" అన్నాడు కూర్మారావు అటునుంచి. "నాను పోయానంట్రా! ఎవుడో ఎదవ ఫోన్ జేసి, కూర్మారావుగారి పెద్ద దినం ఎప్పుడంతన్నాడు. మాటాడతన్నది నానేరా అంటే ఫోనెట్టేసినాడు. ఎందుకలా అనుకున్నాడో!"

"అదీ… నువ్వోసారి గేటు కాడికి రావాల నానా. ఆధార్ కార్డట్టుకుని రా."

"ఎందుకురా?"

"బతికున్నావని సెప్పడానికి."

కూర్మారావు ఆటో దిగేసరికి పదకొండు దాటింది. ఇస్త్రీ చొక్కా, ఒద్దికగా దువ్విన తెల్లటి మీసం. పొద్దున్న తాము ఎవరికోసం మౌనం పాటించారో ఆయనే నడిచొస్తుంటే, టీ వేళకి గేటు దగ్గర చేరిన జట్టువాళ్ళు ఒకరినొకరు తొక్కుకుంటూ దారి ఇచ్చారు. నాగేంద్రబాబు కనిపించకుండా పోయాడు. సునీల్ కార్డునీ మనిషినీ రెండుసార్లు పోల్చి చూసి, ఆధార్ నంబరు కొట్టి, మీట నొక్కాడు. "హో గయా. దాదాజీ జిందా, పెద్దాయన బతికే ఉన్నారు."

"సంతోషం," అన్నాడు కూర్మారావు. అప్పుడు వెనక్కి తిరిగి, ముక్కు దాకా మఫ్లరు చుట్టుకుని గోడ పక్కన నిలబడ్డ కొడుకుని చూశాడు. ఎందుకలా అనుకున్నారో ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

"మఫ్లరు తియ్యి."

పోలరాజు తీశాడు. తిట్టినా బాగుండునని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏ మాటా వినపడలేదు. ముసలాయన వేళ్ళు వచ్చి గడ్డానికి తగిలేసరికి కళ్ళు తెరిచాడు.

"అప్పుడు మీసం తీసిన్నాడు నీ మొకం సూడనేదురా," అన్నాడు కూర్మారావు. "సూడలేకపోనాను. ఇదేట్రా… అచ్చం మీ యమ్మే. ఆ పెదాలూ అవే, ఆ గెడ్డమూ అదే. ఇన్నేల్లూ మీసం కింద దాసీసినావు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలరాజుకి దుఃఖం పొంగుకొచ్చింది. పొద్దుటి నుంచి అందరూ ఓదార్చినా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. తల్లి పోయాక తండ్రి ఆమె పేరెత్తడం అతను ఒక్కసారి కూడా వినలేదు. తండ్రికి ఆమె మీద బెంగ లేదేమోనని లోపల్లోపల నొచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. గేటు దగ్గర ఇరవైమంది ముందు తండ్రీ కొడుకులు సిగ్గుపడకుండా ఏడ్చారు.

"ఎల్లు," అన్నాడు చివరికి కూర్మారావు. "పరీచ్చకెల్లు. మల్లీ మీసం పెంచినావంటే మాత్రం ఊరుకోను."

పదకొండూ నలభైకి కలకత్తా ఆయన సగం సర్దిన సామాను విప్పాడు. పోలరాజు ముఖం జిగురుగా ఉండటం చూసి సబ్బుతో కడుక్కుని రమ్మన్నాడు. మాస్కు బిగించి మందు చిమ్మాడు. తల అటు తిప్పించాడు, ఇటు తిప్పించాడు, అంకెలు చదివించాడు. పోలరాజు నాలుకకి ఏమీ తెలియలేదు. చివర్లో మాస్కు తీసి మందు రుచి చూపించాక గాని తను ప్యాసయ్యానని నమ్మలేదు.

ఇప్పుడు అతను గ్యాస్ సేఫ్టీ జట్టు సూపర్‌వైజరు. రోజూ గడ్డం గీసుకుని, తడి ముఖానికి రెండే చుక్కలు రాసి, పైన క్రీము కూడా రాసుకుంటున్నాడు. కూర్మారావు ఆదివారం దాకా ఆగడం లేదు. సాయంత్రం కాగానే ఆటో ఎక్కి మాంగో వచ్చేస్తాడు, కొడుకుని వెలుతురులో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ రోజు ఏం తిన్నాడో, ఎవరు కనపడ్డారో అన్నీ చెప్పుకుంటాడు. పోలరాజు అచ్చం తన తల్లి లాగే ఊఁ కొడుతూ వింటాడు.

ఉప్పు తేడా వస్తే ముడుచుకునే అత్తగారి మూతే ఎదురుగా కనిపిస్తుంటే, ఆవిడ పోయిన పదకొండేళ్ళకి, పోలరాజు భార్య దాలమ్మ మళ్ళీ ఉప్పు సరిచూసుకుని కూర వడ్డిస్తోంది.