తిమింగలం కనబడకూడని రోజు

నలభై ఏళ్లు సంసారం చేసిన భార్యే ఇంట్లోంచి తరిమేయాలని చూస్తే, అంతకన్నా అన్యాయం ఇంకెక్కడైనా ఉంటుందా? బేర్గూర్ కడుపు మంట అదీ.

ఏం పాపం చేశాడని? హూసవిక్ రేవు సముద్రంలో జీవితమంతా కాడ్ చేపలు పట్టి, ముసలాడయ్యాక పడవ అమ్మేసి, వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసుక్కూచున్నాడు. అక్కడ కూచుని భార్య స్వావాకి చేప తోమడం నేర్పాడు. దుంపలు ఎంతసేపు ఉడకాలో చెప్పాడు. ఊరికే, పైసా అడక్కుండా!

"తిమింగలాలు చూపించే పడవలో మనిషి కావాలట. వెళ్లి చేరు," అంది స్వావా గరిటె ఊపుతూ.

"నేనా? చలికి వణికే యాత్రికులకి 'అదుగో తోక, అదుగో తోక' అని చూపించనా? నా పరువేం కావాలి?"

"నీ పరువు సంగతి సరే, నా ప్రాణం సంగతేంటయ్యా? పొద్దస్తమానం నెత్తిమీద కూచుంటే నేనెక్కడికి పోను?"

"అయినా ఆ పడవల్లో ఏం కనబడుతుంది, బూడిద!"

"అయితే ఆదివారం ఇద్దరం వెళదాం. ఒక్క తోక కనబడిందా, సోమవారం నువ్వు ఉద్యోగంలో చేరాలి. కనబడలేదా, ఆ కుర్చీ నీది. ఇంక నోరెత్తను."

"పందెం!" అన్నాడు బేర్గూర్, మహా తెలివైనవాడిలా.

ఆ సాయంత్రమే రేవుకి పరిగెత్తాడు. ఆ తిమింగలాల పడవ నడిపే యోరున్ స్వావా అన్నకూతురు. ఆమె చేతిలో ఎండుచేపల సంచీ పెట్టి, "అమ్మాయ్, ఆదివారం పడమటి ఒడ్డుకే పోనీ. అటు ఈ వారమంతా తిమింగలం జాడే లేదు. మీ అత్తకి చెప్పకు," అన్నాడు.

"అలాగే మామయ్యా," అంది యోరున్, సంచీలో చెయ్యి పెడుతూ.

ఆదివారం పడవెక్కీ ఎక్కకముందే అవమానాలు మొదలయ్యాయి. అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఎర్రటి చలికోటు తొడిగారు. బొత్తాలు పొట్ట దగ్గర మొరాయించాయి. పక్కనున్న జర్మన్ ఆవిడ జాలిగా వాంతుల మాత్ర ఇవ్వబోయింది. బేర్గూర్‌కి! సముద్రం మీద వాంతుల మాత్ర!

అయినా పళ్లు బిగించి భరించాడు. పడవ పడమటి ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. నీళ్లు, కొండలు, మళ్లీ నీళ్లు. యాత్రికుల మొహాలు వేలాడిపోయాయి. బేర్గూర్ మీసాల్లో నవ్వుకున్నాడు. స్వావా మాత్రం తాపీగా మేజోడు అల్లుకుంటోంది.

అప్పుడు యోరున్ మైకు తీసుకుంది.

"అందరూ మన్నించాలి. ఇటు రమ్మని చెప్పింది మా మామయ్య, అదుగో ఆ మీసాలాయన. ఈ సముద్రం ఆయనకి కొట్టిన పిండి. ఆయనకే దొరకలేదంటే ఇవాళ మన అదృష్టం ఇంతే."

పడవలో ఉన్న కళ్లన్నీ ఆయన మీద పడ్డాయి. జర్మన్ ఆవిడ భుజం తట్టి, వచ్చీరాని మాటల్లో, "పోన్లే పెద్దాయనా, ఈ వయసులో చూపు ఆనదు కదా," అంది.

"పాపం, ఒకప్పుడు బాగానే ఆనేది," అంది స్వావా, అల్లిక మీంచి తలెత్తకుండా.

అంతే. బేర్గూర్ ఒళ్లు మండిపోయింది.

"ఎవరికి ఆనదు? నాకా? అదుగో, ఆ దీవి అవతల పిట్టలు కుప్పలు కుప్పలుగా దిగుతున్నాయి, కనబడట్లేదూ? కింద చేపలున్నాయి, వాటి కింద తిమింగలం ఉంది! యోరున్, తిప్పవే పడవ! తిప్పమంటే!"

పడవ తిరిగింది. దీవి దాటగానే నీళ్లు బుస్సుమన్నాయి, నల్లటి వీపు లేచింది, దాని వెనకే ఇంత తోక. జనం కేకలు పెట్టారు. జర్మన్ ఆవిడ ఆయన్ని కావలించుకుంది. బేర్గూర్ ఛాతీ ఉబ్బింది. స్వావా మొహం చూశాక మళ్లీ దిగిపోయింది.

"సోమవారం," అంది స్వావా.

"చెల్లదు! మీరిద్దరూ కూడబలుక్కున్నారు!"

"మరి ఎండుచేపలు మోసుకెళ్లింది ఎవరయ్యా?"

బేర్గూర్ ఆ కోపం యోరున్ మీదికి తిప్పాడు. "నీకెవరు నేర్పారే పడవ నడపడం? అంత పెద్ద పిట్టల గుంపు కనబడలేదా?"

"అరగంట కిందే కనబడింది మామయ్యా. నువ్వు అరిచేదాకా పడవ తిప్పొద్దంది అత్త."

"అరగంటా!" బేర్గూర్ నిజంగానే గుడ్లెర్రజేశాడు. "తిమింగలాన్ని పక్కన పెట్టుకుని అరగంట ఆలస్యం చేస్తావా? డబ్బు కట్టినవాళ్లు వెర్రివాళ్లా? నీకు భయం భక్తీ ఉన్నాయా? ఉండు, సోమవారం నేనొచ్చి చెబుతా నీ పని!"

అనేశాక గానీ తానేమన్నాడో ఆయనకి తెలియలేదు. అప్పటికే పడవంతా చప్పట్లు కొడుతోంది.