పెండింగ్ లేని మనిషి

...అయినా సమర్థుడే పైకొస్తాడన్నది ప్రకృతి సూత్రం, ఆ సూత్రం నుంచి పుదుచ్చేరి సర్కారుకు మినహాయింపేమీ ఇవ్వలేదు కదా, అనుకుంటూ సూపరింటెండెంట్ సీతాపతి తన సెక్షన్ వరండా వైపు చూశాడు. ఒక్క మనిషీ లేడు! గర్వపడాలి. గర్వం వచ్చింది కూడా. దాని వెనకే ఏదో భయం దూరింది.

నివాస ధ్రువపత్రానికి జనం నెలల తరబడి తిరిగిన సెక్షన్ అది. ఆయన వచ్చాక పొద్దున అడిగితే మధ్యాహ్నానికి చేతిలో పెడుతున్నారు. జనసేవ అని పైకి చెప్పేవాడు. రిటైరయ్యేలోగా డిప్యూటీ డైరెక్టర్ కావాలన్న కోరిక సంగతి ఆయన మనసుకు తెలుసు. అది ఎవరికీ చెప్పలేదు.

డైరెక్టర్ బాలకృష్ణన్ పొద్దున్నే తనిఖీకి వచ్చాడు.

"అద్భుతం, సీతాపతిగారూ! మీ సెక్షన్ డిపార్ట్‌మెంటుకే ఆదర్శం!" అని శాలువా కప్పాడు. కప్పిన చేత్తోనే ఇద్దరు గుమాస్తాలను వేరే సెక్షన్‌కు మార్చాడు.

"సార్, నా ప్రమోషన్..."

"ఇక్కడ పనేముందండీ? ఎదురు సెక్షన్ చూడండి. ఆదికేశవన్ గది ముందు జనం రోడ్డుదాకా ఉన్నారు. అంత భారం మోసే మనిషికి పై హోదా ఇవ్వకపోతే పాపం కాదూ! అందుకే ఇచ్చేశాం. ఇంకో పోస్టుంది. రేపు పదకొండింటికి కార్యదర్శిగారు స్వయంగా వచ్చి, సెక్షన్లు చూసి నిర్ణయిస్తారు."

కాసేపటికి ఆదికేశవన్ మైసూర్‌పాక్ పట్టుకొచ్చాడు.

"ఏంది సీతాపతన్నా, మొహం అట్లా పెట్టినావు?"

"నువ్వు ఒక్క సంతకం కూడా పెట్టవు కదయ్యా!"

"నేను చెప్పేదీ అదే అన్నా! అయిపోయిన పని యాడ కనిపిస్తాది? ఆగిపోయిన పనే కంటికి ఆనేది!"

సీతాపతి నోట్లో మైసూర్‌పాక్ కరగలేదు. ఇన్నాళ్ళూ తుడిచిపెట్టింది పనిని కాదు, తననే అనిపించింది.

మధ్యాహ్నం నెల్లితోపు నుంచి జయమ్మాళ్ వచ్చింది. పొద్దున దరఖాస్తు ఇచ్చి వెళ్ళిన మనిషి. కూతురి కాలేజీ సీటుకు ఎల్లుండే గడువు. పత్రం సిద్ధంగా ఉంది, సంతకమే మిగిలింది.

"మీరు దేవుడు సార్! వేరే యాడైనా చెప్పులు అరిగిపోయుండేవి."

ఆ మాట ఆయనకు హాయిగానే తగిలింది. కానీ గుడి ముందు క్యూ లేకుండా ఏ దేవుడున్నాడు?

కలం కాగితం మీదికి వంచాడు. మళ్ళీ పైకెత్తాడు.

"రేపు రండమ్మా. సరిగ్గా పదకొండింటికి."

"సార్, ఎల్లుండే గడువు..."

"తోడుగా ఇంట్లోవాళ్ళనీ, పక్కింటివాళ్ళనీ కూడా తెచ్చుకోండి" అని సీతాపతి కలానికి మూత పెట్టాడు.